బంగారు తెరకి అమ్ముడైన ఊట: ఒకినావాలో ఐదు రోజులు

మొదటి రోజు: నాహా

మామయ్య ఒసాకాలో నా దగ్గరికి వచ్చి పది రోజులైంది. గుళ్ళు, బుల్లెట్ రైలు, జింకలకి బిస్కెట్లు పెట్టడం అన్నీ అయిపోయాయి. "ఇంకేం చూపిస్తావే అమ్మడూ?" అని అడిగితే జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవికి టికెట్లు తీశాను. "సముద్రమా? మన కాకినాడలో లేదా?" అన్నాడు. సముద్రం కోసం కాదు, ఒక రాజ్యం ఎలా పుట్టిందో చూడ్డానికి అన్నాను. ఇరిగేషన్ శాఖలో ఏఈగా చేరి, గోదావరి డెల్టా కాలవల గట్ల మీద ముప్పై ఏళ్ళు తిరిగి రిటైరైన మనిషి. రాజుల గోల ఆయనకి పెద్దగా పట్టదు. వస్తాడా అనుకున్నాను. వచ్చాడు.

2025 జనవరి చివరి వారం. ఒసాకాలో కోటూ మఫ్లరూ చుట్టుకుని విమానం ఎక్కిన మామయ్య, రెండు గంటల పైచిలుకు తరవాత నాహాలో దిగి స్వెటర్ కూడా విప్పేశాడు. సామాను హోటల్లో పడేసి మోనోరైలెక్కి మకిషి మార్కెట్‌కి వెళ్ళాం. అక్కడ గంపల నిండా కాకరకాయలు. మనవాటికంటే బొద్దుగా, ముదురు పచ్చగా ఉన్నాయి. పక్క కొట్లో పసుపు టీ పొట్లాలు. ఇక్కడివాళ్ళు పసుపుని వేడినీళ్ళలో కాచి టీలా తాగుతారు. ఒకప్పుడు ఈ దీవుల్ని ఏలిన ర్యూక్యూ రాజ్యంలో పసుపు వ్యాపారం మీద గుత్తాధిపత్యం కొలువుదే. మామయ్య ఒక గుక్క తాగి, "జలుబు చేసినప్పుడు మీ అమ్మమ్మ ఇచ్చేది ఇదే, పాలు లేవంతే" అన్నాడు.

రాత్రి భోజనంలో చిన్న పొరపాటు జరిగింది. కాకరకాయ వేపుడని 'గోయా చంపురు' చెప్పాను. పంది మాంసం ముక్కలతో సహా వచ్చింది. మామయ్య చేపలు తింటాడు గానీ అది ముట్టడు. ప్లేటు నా వైపు జరిపేసి, సముద్రపు నాచుతో వేసిన బజ్జీలతో అన్నం లాగించాడు. నేను కాగితం న్యాప్‌కిన్ మీద దీవి బొమ్మ గీశాను. పొడవు వంద కిలోమీటర్లు దాటుతుంది, ఇరుకైన చోట వెడల్పు నాలుగే. దాన్ని మూడు ముక్కలు చేశాను. ఉత్తరాన హొకుజాన్, నడుమ చూజాన్, దక్షిణాన నాన్జాన్. 'జాన్' అంటే కొండ.

"రాజమండ్రి నుంచి ఏలూరు వెళ్ళేంత దూరంలో ముగ్గురు రాజులా!" అన్నాడు.

నిజానికి వాళ్ళు మొదట రాజులు కారు. పద్నాలుగో శతాబ్దంలో ఇక్కడ కొండకో కోట, కోటకో దొర. కోటని గుసుకు అంటారు, దొరని అజి అంటారు. 1372లో చైనా మింగ్ చక్రవర్తి దూత వచ్చి, మాకు కప్పం పంపండన్నాడు. నడిమి కొండ పాలకుడు సాత్తో వెంటనే పంపాడు. 1380లో దక్షిణం, 1383లో ఉత్తరం కూడా క్యూలో నిలబడ్డాయి. మింగ్ వాళ్ళు సొంత సముద్ర వ్యాపారాన్ని నిషేధించారు. కప్పం తెచ్చే రాజుకే రేవు తలుపు తెరుస్తారు. ఇక్కణ్ణుంచి గుర్రాలు, గంధకం పోతే, అక్కణ్ణుంచి పింగాణీ, పట్టు, రాగి నాణేలు వస్తాయి. 1383లో మింగ్ వాళ్ళు ఈ దీవి నుంచి కొన్న గుర్రాలే 983.

"అంటే రాజు బిరుదు క్లాస్ వన్ కాంట్రాక్టర్ లైసెన్సు లాంటిదన్నమాట" అన్నాడు మామయ్య. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

రెండో రోజు: నకిజిన్, ఉత్తర కొండ

పొద్దున్నే కారు అద్దెకి తీసుకుని ఉత్తరానికి బయల్దేరాం. ఎక్స్‌ప్రెస్‌వే నాగో దగ్గర అయిపోతుంది. ఆ తరవాత సముద్రం పక్కనే రోడ్డు. జపాన్ మొత్తం మీద చెర్రీ పూలు ముందుగా పూసేది ఒకినావాలోనే. వాటి రంగు కూడా ఒసాకా పూలలా తెల్లగా ఉండదు, ముదురు గులాబీ. నకిజిన్ కోట మెట్లకి రెండు పక్కలా విరగబూసి ఉన్నాయి.

కోట గోడ పొడవు కిలోమీటరున్నర. కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల ఎత్తు. అది తిన్నగా పోదు. కొండ వంపుల్ని పట్టుకుని, మడతలు పెట్టిన తెరలా లోపలికీ బయటికీ వంకర్లు తిరుగుతూ పోతుంది. ఇక్కడి సున్నపురాయి బూడిద రంగులో, ఉలికి లొంగనంత గట్టిగా ఉంటుంది. అందుకే చెక్కకుండానే, దొరికిన ఆకారంలోనే పేర్చారు. మామయ్య పది నిమిషాలు గోడ దగ్గరే ఆగిపోయాడు. రెండు రాళ్ళ సందులో వేలు పెట్టి చూశాడు. "మనం కాలవ గట్టుకి చేసే రాతి పేర్పు ఇదేనే. సున్నం లేదు, సిమెంటు లేదు. నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి కాబట్టే గోడ నిలబడింది. సిమెంటు పూసుంటే ఏనాడో ఉబ్బి కూలేది."

ఈ గోడల మధ్యే హొకుజాన్ ఆఖరి రాజు హనాంచి ఓడిపోయాడు. అది 1416 అని ఒక చరిత్రలో, 1422 అని మరో చరిత్రలో ఉంది. చైనా కొలువు రికార్డుల్లో మాత్రం హొకుజాన్ కప్పం చివరిసారి కనిపించేది 1415లో. దాన్ని బట్టి 1416కే మొగ్గు చూపేవాళ్ళు ఎక్కువ. తరవాత దీవినంతా ఏకం చేసిన హాషి, చూజాన్ నుంచి సైన్యంతో వచ్చాడు. దారిలో ఉత్తరాది దొరలు కొందరు అతనితో కలిశారు. కోట లొంగలేదు. అప్పుడు హనాంచి సేనాపతి మొతోబు తెయిహారాకి లంచం ఇచ్చారని కథ. అతను రాజుని కోట బయటికి పోరుకి పంపి, వెనక నుంచి శత్రువుకి దారిచ్చాడు. తిరిగొచ్చిన హనాంచి ద్రోహిని నరికాడు. అంతవరకు తను మొక్కిన దేవతా శిలని కూడా 'నువ్వూ నన్ను కాపాడలేదు' అని కత్తితో కొట్టాడు. ఆ కత్తితోనే ప్రాణం తీసుకోబోతే అది యజమానిని కోయనందట. దాన్ని కింద లోయలోని షిగెమా ఏట్లోకి విసిరేసి, మరో కత్తితో చనిపోయాడు.

ఆ కత్తి పేరు చియొగనెమారు. తరవాత అది రాజవంశం చేతికి చేరి, ఇప్పుడు నాహా నగర చరిత్ర మ్యూజియంలో జాతీయ సంపదగా ఉంది. కత్తి నిజం. ఏట్లో పడ్డ సంగతి ఎవరికి తెలుసు?

నాకు ఇక్కడే అనుమానం మొదలైంది. ర్యూక్యూ తొలి అధికారిక చరిత్రని 1650లో రాజధాని షురిలోని కొలువే రాయించింది. అందులో హనాంచి గర్విష్ఠి. అంతకుముందు 1406లో హాషి పడగొట్టిన చూజాన్ రాజు బునెయి తాగుబోతు. ఆ తరవాత పడిపోయిన నాన్జాన్ రాజు తారోమై విలాసపురుషుడు. ఓడినవాళ్ళలో ఒక్కడైనా మంచివాడు ఉండడా? మన పల్లెల్లో పాత సర్పంచి గురించి కొత్త సర్పంచి మనుషులు చెప్పుకునే మాటల్లా ఉన్నాయివి.

పైకెక్కి గోడ మీద నుంచి చూస్తే సముద్రంలో దూరంగా రెండు దీవులు కనిపిస్తాయి. ఇహెయా, ఇజెనా. హాషి తాతది ఇహెయా అంటారు. హాషి వంశాన్ని తోసేసి 1469 తరవాత గద్దెనెక్కిన కనెమారు పుట్టింది ఇజెనాలో. హనాంచి రోజూ పొద్దున్నే ఈ గోడ మీదికొచ్చి నిలబడితే, తన వంశాన్ని ముంచేవాడి మూలమూ, ఆ ముంచినవాడి వంశాన్ని ముంచబోయేవాడి పుట్టుకా రెండూ కళ్ళెదుటే ఉండేవి. మామయ్యకి చెబుదామని తిరిగాను. గాలికి ఆయన టోపీ లేచి గోడ అవతల పడింది. దాని కోసం మెట్లు దిగి, చుట్టూ తిరిగి అరగంట వెతికాం. దొరకలేదు.

మూడో రోజు: జకిమి, ఉరాసొయె

వాన. పొద్దున జకిమి కోట చూశాం. నకిజిన్ యుద్ధంలో హాషి పక్షాన పోరాడిన గోసమారు కట్టించిన కోట ఇది. చిన్నదే గానీ ముచ్చటగా ఉంటుంది. కమాను ద్వారం నడినెత్తిన ఒక చిన్న చీలరాయి బిగించారు. అలా చీల వేసిన కమాను ఒకినావాలో మరెక్కడా ఇలా కనబడదంటారు. రాళ్ళని తన పాత కోట నుంచి జనం వరసలో నిలబడి చేతులు మారుస్తూ తెచ్చారట. ఇంత నమ్మకస్తుడు 1458లో రాజద్రోహి ముద్రతో చచ్చిపోయాడు. కత్సురెన్ కోట దొర అమవారి రాజు చెవిలో ఊదాడని అంటారు. ఆ అమవారిని కూడా అదే ఏడాది రాజసైన్యం మట్టుపెట్టింది. ఒకే ఏడాది ఇద్దరు పెద్ద దొరలు పోయారు. లాభం ఎవరికో చెప్పక్కర్లేదు. కత్సురెన్ తవ్వకాల్లో రోమన్ నాణేలు కూడా దొరికాయి. ఆ కోటకి వెళ్దామనుకున్నాం గానీ వాన పెరిగింది.

సాయంత్రానికి కాస్త తెరిపిచ్చాక ఉరాసొయె వెళ్ళాం. షురి కంటే ముందు చూజాన్ రాజధాని ఇదే. 1945 యుద్ధంలో ఈ కొండ అంచు కోసం రోజుల తరబడి రక్తం పారింది. పాత కోటలో మిగిలింది తక్కువ. కొండ కింద యొదొరె రాజసమాధులు మాత్రం తిరిగి కట్టారు, ప్రశాంతంగా ఉన్నాయి.

ఇక్కడి సాత్తో కథ విని మామయ్య నవ్వాడు. తండ్రి పేద రైతు, తల్లి స్నానానికి దిగిన దేవకన్య. రైతు ఆమె చీర దాచేశాడు. ఆ కొడుకు పెద్దయ్యాక మకిమినతో రేవుకి వచ్చిన జపాన్ ఓడల నుంచి ఇనుము కొని రైతులకి పంచాడు, జనం రాజుని చేశారు. "దేవకన్య కథ మనకీ ఉంది గానీ, ఇనుము పంచడం బాగుంది" అన్నాడు. ఆ ఇనుము సంగతి గుర్తుపెట్టుకో, రేపు మళ్ళీ వస్తుంది అన్నాను.

నాలుగో రోజు: సషికి, కదెషిగా

దీవిని ఏకం చేసిన మనిషి బయల్దేరిన చోటు చూస్తే నిరాశే. సషికి కోటకి రాతి గోడ లేదు. మెట్లు మెట్లుగా చదును చేసిన కొండవాలు, చెట్లు, 1938లో కట్టిన చిన్న గుడి. అంతే. కింద ఇళ్ళ కప్పులు, వాటి వెనక సముద్రం. నకిజిన్ గోడ చూసొచ్చిన కళ్ళకి ఇది మునసబు గారి దొడ్డిలా ఉంది.

హాషి 1372లో పుట్టాడు. సాత్తో మొదటి కప్పం పంపిన ఏడే. తండ్రి షిషో ఇక్కడి చిన్న దొర. కుర్రాడిగా ఉన్నప్పుడు హాషి ఒక కమ్మరి చేత మూడేళ్ళు పట్టి మంచి కత్తి చేయించుకున్నాడు. రేవుకొచ్చిన విదేశీ వర్తకుడు దానిమీద మనసు పడి, ఓడలో ఉన్న ఇనుమంతా ఇచ్చి కత్తి తీసుకున్నాడు. హాషి ఆ ఇనుముని రైతులకి పంచి పనిముట్లు చేయించాడు.

"నిన్నటి కథే" అన్నాడు మామయ్య.

అవును, అచ్చంగా అదే కథ ఇద్దరి మీదా ఉంది. సాత్తో కొడుకు బునెయిని దించేసినవాడికే సాత్తో కథ తొడిగారు. దించాక ఇంకో పని కూడా చేశారు. బునెయి స్థానంలో హాషి తన తండ్రి షిషోని కూర్చోబెట్టాడు. 1407లో చైనాకి పంపిన కబురేమిటంటే, 'మా తండ్రి బునెయి కాలం చేశారు, కుమారుణ్ణి నేను' అని. చక్రవర్తి సంతాపం చెప్పి షిషోకి పట్టం ఖాయం చేశాడు. మామయ్య పగలబడి నవ్వాడు. "ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్! లైసెన్సు పేరు మార్పించుకోవాలంటే వారసుడివి కావద్దూ!"

మధ్యాహ్నం ఇతొమాన్ వైపు వెళ్ళాం. నాన్జాన్ రాజుల కోట స్థలంలో ఇప్పుడు ఎలిమెంటరీ స్కూలుంది. పక్కనే చిన్న గుడి, పాత గోడ కొంత. పిల్లల క్లాసులు నడుస్తున్నాయని లోపలికి వెళ్ళలేదు. అక్కణ్ణుంచి కిందికి దిగితే కదెషిగా. ఒకినావా భాషలో 'కా' అంటే ఊట బావి. పెద్ద వర్షానికి నోచుకోక ఊరు ఎండిపోయిన రోజుల్లో, ఒక ముసలమ్మకి తడిసిన ఒంటితో వచ్చిన కుక్క కనబడిందట. దాని వెనకే వెళితే ఈ ఊట దొరికింది, కుక్క నీళ్ళలోకి దిగి రాయైపోయింది. రాతి కట్టు మధ్య నుంచి నీళ్ళు చల్లగా, గాజులా తేటగా వస్తున్నాయి. రాళ్ళ మీద పాకుడు, అడుగున ఇసుక రేణువులు కదులుతున్నాయి. కట్ట దాటి బోదెలోకి పడి పొలాల వైపు పోతున్నాయి.

దక్షిణ ఒకినావాలో పెద్ద నదులు లేవు. పైన పగడపు సున్నపురాయి, కింద బంకమట్టి రాయి. వాన నీరు పై రాయిలో ఇంకి, కింద రాయి దాటలేక, ఆ రెండూ కలిసే చోట ఊటగా బయటికొస్తుంది. అందుకే ఊళ్ళూ కోటలూ ఊటల పక్కనే పుట్టాయి.

కథ ఇది. హాషి దగ్గర బంగారు పూత పూసిన మడత తెర ఉండేది. నాన్జాన్ రాజు తారోమై దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. 'ఇస్తాను, బదులుగా కదెషిగా ఇవ్వు' అన్నాడు హాషి. తారోమై సరేనన్నాడు. మర్నాటి నుంచి తన మాట వినే రైతులకే నీళ్ళు వదిలాడు హాషి. మిగతావాళ్ళ పొలాలు ఎండాయి. నాన్జాన్ రైతులు ఒక్కొక్కరే హాషి వైపు తిరిగారు. 1429లో నాన్జాన్ అంతమైంది.

నా అనుమానం మామయ్యతో చెప్పాను. ఇంత అమాయకపు రాజు ఉంటాడా? మంచినీళ్ళ ఊట ఇచ్చి ఇంట్లో పెట్టుకునే తెర కొనుక్కుంటాడా? ఇదంతా గెలిచినవాళ్ళు కట్టిన కథే, తారోమైని వెర్రివాణ్ణి చేయడానికి.

ఆయన వెంటనే జవాబివ్వలేదు. ఒక ఎండుటాకు ఏరి బోదెలో వేశాడు. ఆకు పక్కనే పది అడుగులు నడిచాడు, వాచీ చూసుకున్నాడు. మళ్ళీ వేశాడు. మూడోసారి నన్ను అవతలి కొసన నిలబెట్టి, ఆకు రాగానే చెయ్యెత్తమన్నాడు. అటుగా వచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వుకుంటూ పోయింది. బోదె వెడల్పు జానలతో కొలిచాడు, లోతుకి చూపుడువేలు ముంచాడు. మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు.

"తెర అబద్ధమే అనుకో" అన్నాడు చివరికి. "కానీ ఈ కథ కట్టినవాడు ఎవడో నీళ్ళ పని తెలిసినవాడు. తూము ఎవడి చేతిలో ఉందో చూడు, వంతులు ఎవడు వేస్తున్నాడో చూడు. శివారు రైతుకి జనవరిలో నీళ్ళు ఆగాయనుకో, ఫిబ్రవరిలో వాడు ఏ పార్టీవాడో వాడికే గుర్తుండదు. మా ఏరియాలో ఒక లాకు తాళం కోసం ఎంత పంచాయితీ అయ్యేదో నీకేం తెలుసు? కత్తి తీసినవాడు ఒక్కడూ లేడు. అయినా ఊళ్ళకి ఊళ్ళు ఇటు నుంచి అటు మారిపోయేవి."

నేను కథ నిజమా అబద్ధమా అని చూస్తున్నాను. ఆయన కథలో పనిముట్లు ఏమున్నాయో చూస్తున్నాడు. ఒక కథలో ఇనుము, ఇంకో కథలో నీళ్ళు, మూడో చోట చైనా ముద్ర. మళ్ళీ ఆలోచిస్తే, కోట బద్దలుకొట్టే యుద్ధం కథల్లో ఉన్నది ఉత్తరానే. అక్కడ కూడా చివరికి పనిచేసింది లంచం.

ఐదో రోజు: షురి

ఆఖరి రోజు మోనోరైల్లో షురి. రాజ్యం ఏకమయ్యాక రాజధాని ఇదే. 1430లో మింగ్ చక్రవర్తి 'షో' అనే ఇంటిపేరు ఇచ్చాడంటారు. అప్పటి నుంచి అతను షో హాషి. 1439లో పోయాడు. ఆయన వంశం మొత్తం అరవై నాలుగేళ్ళే, ఏడుగురు రాజులు. 1453లో వారసత్వ తగవులో ఇదే కోట తగలబడింది. 1458లో పోతపోసిన ఒక పెద్ద గంట మీద, ఓడలే వంతెనగా పది వేల దేశాలని కలుపుతున్నామని గొప్పగా రాసుకున్నారు. కొద్ది ఏళ్ళకే వాళ్ళ ఓడలు మలక్కా చేరాయి. అదే రేవులో మన కోరమండల్ తీరం బట్టల బేళ్ళు కూడా దిగేవి.

దొరల బెడద నిజంగా తీర్చింది మాత్రం హాషి కాదు, కనెమారుతో మొదలైన రెండో వంశపు షో షిన్. 1477 నుంచి 1526 దాకా ఏలాడు. అజిలందరినీ కోటలు వదిలించి షురికి తెచ్చి కాపురం పెట్టించాడు, ఆయుధాలు తీసుకుని కొలువులో జమచేయించాడు. అసలు ఏకీకరణ అదీ అని నాకనిపిస్తుంది. హాషి గెలిచింది ముగ్గురు రాజుల్ని, కోటకో దొర అలాగే ఉండిపోయాడు.

1945లో నేలమట్టమై 1992లో లేచిన ప్రధాన భవనం 2019 అక్టోబర్ 31 తెల్లవారుజామున మళ్ళీ కాలిపోయింది. మేం వెళ్ళేటప్పటికి పెద్ద షెడ్డు కింద కొత్తది కడుతున్నారు. కట్టడాన్ని కూడా జనం చూసేలా ఏర్పాటు చేయడం నాకు నచ్చింది. కాలిన పాత ఎర్ర పెంకుల్ని పొడి చేసి కొత్త పెంకుల మట్టిలో కలిపారట. మామయ్య కొయ్య దూలాల కంటే షెడ్డు క్రేన్నే ఎక్కువసేపు చూశాడు.

దిగేటప్పుడు జుయిసెన్ ద్వారం దగ్గర మెట్ల పక్కన రాతి డ్రాగన్ తల ఉంది. ర్యూహి అంటారు. 1523లో చైనా నుంచి తెచ్చారు. దాని నోట్లోంచి ఊట నీళ్ళు సన్నగా పడుతున్నాయి. రాజు తాగింది ఈ నీళ్ళే. ఫొటో తీద్దామని నిలబడమంటే మామయ్య కెమెరా వైపు చూడ్డంలేదు, కింద తొట్టి వైపు చూస్తున్నాడు.

"ఇది నిండాక ఎటు పోతుంది?"

కోట బయట ఎన్కాన్ చెరువుకి, అక్కణ్ణుంచి పొంగితే పక్కనే ఉన్న ర్యూతాన్‌కి అన్నాను. ర్యూతాన్ని 1427లో హాషి కాలంలోనే తవ్వారు, ఆ పని గురించి రాతి శాసనం కూడా ఉంది. మా విమానానికి ఇంకా మూడు గంటలు టైముంది.

ఎన్కాన్ గట్టు మీద వంగి పొర్లుకాలవ ఎక్కడుందో వెతికాడు. రోడ్డు దాటి ర్యూతాన్ దగ్గరికి వెళ్ళాం. ముక్కు మీద ఎర్ర కండలున్న బాతులు గట్టున పడుకుని ఉన్నాయి. నీళ్ళలో ఎదురుగా కోట కొండ నీడ. మామయ్య జేబులోంచి ఎండుటాకు తీశాడు. కదెషిగా దగ్గర ఏరినదే, రుమాలులో దాచుకున్నట్టున్నాడు. నీళ్ళు చెరువులోకి దిగే చోట వేశాడు. అది కాస్త ముందుకి వెళ్ళి, గుండ్రంగా తిరిగి, ఆగిపోయింది.

"ఇక్కడ లెవెల్ కుదిరింది" అని చేతులు దులుపుకున్నాడు. "పద, టోపీ కొనాలి."